ఎనభై ఎడమ చేతులు

బుల్లికి అబద్ధం చెప్పడం చేతకాదు. చెప్పబోతే ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత మాట తడబడుతుంది, ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే నిజం తనే కక్కేస్తుంది. అలాంటి మనిషి వరసగా మూడు నెలల్లో మూడు అబద్ధాలు, అదీ డాక్టరుకి, అదీ కాగితం మీద సంతకం పెట్టి మరీ చెప్పింది. కాగితం మీద చెవులు కనపడవు కదా, అదొక సౌకర్యం.

మూడూ తోటికోడలి గురించే. తోటికోడళ్లు అనగానే జనానికి జుట్టూ జుట్టూ పట్టుకోవడమే గుర్తొస్తుంది. వీళ్లు మాత్రం పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో కింద ఒకరు, పైన ఒకరు ఉంటూ, ఒకే బస్సెక్కి ఒకే చోట పనికి పోతూ, మధ్యాహ్నం ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టి తింటూ వచ్చారు.

పెద్దావిడ కుట్టు ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. ఆసుపత్రి కోట్లు, నర్సుల యూనిఫారాలు, ల్యాబు గౌన్లు ఏవి కుట్టాలన్నా ముందు ఆవిడ చేతి కింద బట్ట తెగాల్సిందే. ఓనరు దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆవిడ మాస్టరమ్మ. బుల్లికి మాత్రం అక్క. బుల్లి పని బట్ట పరవడం. ఇరవై అడుగుల బల్ల మీద బట్ట తాను విప్పి, పొర మీద పొర, ముడత పడకుండా, అంచులు కలిసేలా నలభై పొరలు పరవాలి. అప్పుడు అక్క పైన అట్ట నమూనాలు పెట్టి, సుద్దతో చుట్టూ గీసి, నిలువు కత్తి ఉన్న కరెంటు మిషనుతో కోస్తుంది. అక్కడ ఒక్క గీత తప్పితే ఒక్క కోటు కాదు, నలభై కోట్లు తప్పుతాయి. అందుకే ఆ బల్ల దగ్గర కబుర్లు నిషేధం. ఆ రూలు పెట్టింది అక్కే, రోజుకి పదిసార్లు తప్పేదీ అక్కే.

పోయినేడు ఒకరోజు పై అరలోంచి బట్ట తాను ఒకటి జారి సరిగ్గా అక్క కుడి పాదం మీద పడింది. ఎముక విరిగింది, అతుక్కుంది. నరం మాత్రం అతుక్కోలేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. పాదం చూడ్డానికి మామూలుగానే ఉంది. కానీ దుప్పటి అంచు తగిలితే చాలు, నిప్పులు పోసినట్టు మంట. ఫ్యాను గాలి పడేది కాదు. బూటు ముందు భాగం కత్తిరించేసి తొడుక్కునేది. ఒక్క సాక్సు వేసుకోవడానికి పది నిమిషాలు పళ్లు బిగించి ఏడ్చేది. చూసినవాళ్లు "కాలు బాగానే ఉందిగా!" అనడం ఒకటి మళ్లీ. అన్నవాళ్లని అక్కడికక్కడే నమిలేయాలనిపించేది బుల్లికి.

నరాల మందులు రెండు రకాలు వాడారు. ఒకదానికి తల తిరిగింది, రెండోదానికి కాళ్లు వాచాయి. చివరికి నొప్పుల క్లినిక్కులో డాక్టరమ్మ గట్టి మందు రాసింది. చిన్న వయసే, మాట మెత్తన. రాసేముందు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది నల్లమందు జాతి మందు. నొప్పి తగ్గొచ్చు. కానీ నొప్పి తగ్గడం ఒక్కటే నాకు చాలదు. నడుస్తున్నారా, నిలబడుతున్నారా, మీ పని మీరు చేసుకోగలుగుతున్నారా, అది చూస్తాను. అవి పెరిగితే మందు ఉంచుతాను, లేకపోతే మెల్లగా తీసేస్తాను. నెలకోసారి ఈ కాగితం నింపి తీసుకురండి."

కాగితంలో పై సగం రోగి నింపాలి. కింది సగం, రోజూ పక్కనుండి చూసే మనిషి నింపాలి. బావగారు లారీ మీద నెలకి పాతిక రోజులు రోడ్డునే ఉంటారు. కాబట్టి కింది సగం బుల్లి వాటా అయింది.

మొదటి నెల రాసింది నిజమే. మందు మొదలుపెట్టిన నాలుగో రోజు పొద్దున్నే అక్క మెట్ల కింద నిలబడి, "బుల్లీ, నా కాలు నాకు దొరికిందే!" అని కేకేసింది. ఆ వారం ఆవిడ మార్కెట్‌కి నడిచెళ్లి, బేరం కుదరక కూరలవాడితో పోట్లాడి, సంచీ నింపుకుని నడిచొచ్చింది. ఆ పోట్లాట చూసి బుల్లికి ఆనందంతో కళ్లనీళ్లొచ్చాయి. కాగితంలో "రోజుకి ఆరు గంటలు నిలబడి పని చేస్తోంది" అని రాసి, ఆరు కింద గీత కూడా గీసింది.

రెండో నెల నుంచి తేడా వచ్చింది. మొదట చిన్న చిన్నవే. అక్క సుద్దతో గీస్తూ గీస్తూ ఆగిపోయేది. కళ్లు తెరిచే ఉండేవి గానీ వాటిలో చూపు ఉండేది కాదు. చంక దగ్గర వంపు తిరగాల్సిన గీత తిన్నగా పోయేది. బుల్లి తడిగుడ్డతో తుడిచి మళ్లీ గీసేది. తర్వాత బల్ల పక్కకి స్టూలు వచ్చింది. "కాసేపు కూర్చుంటానే" అన్న మనిషి భోజనాల బెల్లు దాకా లేచేది కాదు. మెళ్లో టేపు, ఒళ్లో కత్తెర, అలా కూర్చునే కునుకు తీసేది. ఇంటికెళ్తే మంచమే. మార్కెట్‌కి మళ్లీ బుల్లే వెళ్లసాగింది.

బుల్లి అరగంట ముందు వచ్చి అట్టలు పెట్టి గీసెయ్యడం మొదలుపెట్టింది. ఓనరు తన గదిలో ఫోన్లో ఉన్నప్పుడు మిషను కూడా తనే పట్టింది. పొట్టి మనిషి, బల్ల మధ్యకి చెయ్యి అందదు. అందుకని కింద చెక్కపీట వేసుకుని, దాన్ని కాలితో జరుపుకుంటూ కోసేది. పనయ్యాక పీట బల్ల కిందకి తోసేసి, ఏమీ ఎరగనట్టు దుమ్ము దులుపుకునేది.

అన్నిటికంటే కష్టం ఏమిటంటే, అక్క అబద్ధం ఆడటం లేదు. కునుకులోంచి లేచి, ఎదురుగా కోసి ఉన్న దొంతరలు చూసి, "ఈ పూట రెండు దొంతరలు దులిపేశాను, చూశావా!" అనేది. నిజంగానే నమ్మేది. మందు మత్తులో పగలంతా ఒక ముద్దగా కలిసిపోయి, పొద్దున సుద్ద పట్టుకున్న గుర్తూ మధ్యాహ్నం కోసిన బట్టా ఆవిడ తలలో వాటంతటవే అతుక్కునేవి. బుల్లి నోరు మెదిపేది కాదు. ఏమని మెదుపుతుంది? కొత్తగా పనిలో చేరినప్పుడు బుల్లి బట్ట తానొకటి తలకిందులుగా పరిచి పాడుచేస్తే, ఓనరు ముందుకి తనే వచ్చి "నేనే అలా పరవమన్నాను" అన్న మనిషి ఆవిడ. పైగా ఉన్నది ఉన్నట్టు రాస్తే డాక్టరమ్మ మందు తీసేస్తుంది. మళ్లీ ఆ సాక్సు, ఆ పళ్లు బిగించడం, ఆ ఏడుపు.

"నొప్పి లేదంటోంది. పని అవుతోంది. ఇంక నీ గోలేంటి?" అన్నాడు మొగుడు, విషయం చెబితే. మగవాడి తెలివి అక్కడిదాకానే వచ్చి ఆగింది.

అలా రెండో కాగితంలోనూ ఆరు గంటలే, మూడోదాంట్లోనూ ఆరు గంటలే, నాలుగోదాంట్లోనూ ఆరు గంటలే. "నొప్పి మళ్లీ పదికి ఆరుకొచ్చింది, ఏడుకొచ్చింది" అని అక్క చెప్పినప్పుడల్లా డాక్టరమ్మ కింది సగం చూసేది. పని బాగా జరుగుతోందని మందు బలం పెంచేది. రెండోసారి పెంచుతూ, "మీరు రాసింది చూసే ధైర్యం చేస్తున్నానమ్మా" అంది బుల్లితో. బుల్లి చెవుల మీదకి జుట్టు లాక్కుని తలూపింది.

ఇంతలో బుల్లికి జ్వరం వచ్చింది.

ముందురోజు సాయంత్రం ఆమె కొత్తరకం బట్ట పరిచింది. ఆ బట్టకి మంచి వైపు, వెనక వైపు వేరు. మామూలుగా ఒక పొర మంచి వైపు పైకి, తర్వాతది కిందికి, ఇలా ముఖాముఖి పరుస్తారు. అలా పరిస్తే ఒకే అట్టతో కోసినా సగం కుడి చేతులు, సగం ఎడమ చేతులు వస్తాయి. ఈసారి బట్ట మీది నూగంతా ఒకే వైపు వాలి ఉండాలని ఓనరు అన్ని పొరలూ మంచి వైపు పైకే పరవమన్నాడు. అలాంటప్పుడు రెండో చేతికి అట్ట తిరగెయ్యాలి. తిరగెయ్యమని మాస్టరుకి తెలియడానికి బల్ల అంచు మీద సుద్దతో బాణం గుర్తు పెడతారు. ఆ గుర్తు కనిపెట్టింది అక్కే. అదీ చాలదని, మిషను పట్టేముందు మూల ఎత్తి రెండు పొరలు వేలితో తడిమి చూడాలని బుల్లికి నెత్తిన మొట్టి మరీ నేర్పింది అక్కే. బుల్లి బాణం పెట్టి, ఒళ్లు వెచ్చబడుతుంటే ఇంటికొచ్చి పడుకుంది.

మూడో రోజు ఫ్యాక్టరీకి వెళ్లేసరికి కుట్టు హాల్లో మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. అంత నిశ్శబ్దం అక్కడ కరెంటు పోయినప్పుడు కూడా ఉండదు. ఒక టైలరమ్మ చేతిలో కోటు ఎత్తి పట్టుకుంది. దాని కుడి చెయ్యి వెనక్కి మెలితిరిగి, ఎవరో విరిచికట్టినట్టు వేలాడుతోంది.

"ఎనభై చేతులు," అన్నాడు ఓనరు. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఎనభైకి ఎనభై ఎడమ చేతులే. బట్ట పరిచిందెవరు?"

"నేనేనండీ," అంది బుల్లి.

"గుర్తు పెట్టావా?"

బుల్లి బల్ల అంచు వైపు చూసింది. బాణం సగం అక్కడే ఉంది. మిగతా సగం ఎవరి మోచెయ్యో రాసుకుని చెరిగిపోయింది.

"పెట్టలేదండీ," అంది అక్క, స్టూలు మీంచే. "పెడితే నాకు కనపడదా? ఇరవై ఏళ్లుగా కోస్తున్నాను."

ఆ మాటలో కుళ్లు లేదు, కోపం లేదు. తెలిసింది తెలిసినట్టు చెబుతున్న మనిషి గొంతు అది. అదే బుల్లిని కోసేసింది.

"మర్చిపోయానండీ," అంది బుల్లి. చెవులు ఎర్రగా కందిపోయాయి. ఓనరు అది సిగ్గనుకున్నాడు.

ఆ గురువారమే క్లినిక్కు. బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. అక్క తన సగం నింపేసింది. పని బాగా జరుగుతోందని తనవంతు తనూ రాసుకుంది.

"ఈసారి మధ్యాహ్నానికి ఇంకో మాత్ర అడుగుతానే. రెండింటికల్లా మంట మొదలైపోతోంది," అంటూ కాగితం బుల్లికి అందించింది.

కాగితం పట్టుకున్న అక్క ఎడమ చేతి చూపుడువేలు బుల్లి కంటపడింది. గోరు కొన లేదు. విరిగితే గరుకుగా ఉంటుంది, కొరికితే వంకరగా ఉంటుంది. ఇది ఏటవాలుగా, నున్నగా, అద్దంలా తెగి ఉంది. గోరు తెగినచోటికీ కండకీ మధ్య వెంట్రుకవాసి ఎడం. అలాంటి కోత ఒక్క మిషను కత్తికే సాధ్యం.

"ఇదెప్పుడు తెగిందక్కా?"

"ఏది?" అక్క వేలు ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకుంది. మొదటిసారి చూస్తున్నట్టే చూసింది. "ఏమోనే. ఎక్కడో విరిగుంటుంది."

"ఆ రోజు కోసేటప్పుడు ఇనుప గ్లవ్ వేసుకున్నావా?"

"అబ్బా, దాంతో ఒకటే దురద. తీసేశాను."

నలభై పొరలు తెగ్గోసే కత్తి ఆ వేలిని ముద్దు పెట్టుకుని వదిలేసింది, ఆ వేలు గల మనిషికి ఆ సంగతే తెలీదు. ఈసారి ఇంకో మాత్ర పడితే? మంట తగ్గుతుంది. నిజమే. వేళ్లు తెగినప్పుడు కూడా నొప్పి తక్కువే తెలుస్తుంది కాబోలు!

నిజం రాస్తే అక్క చేతిలోంచి మిషను పోతుంది, మాత్రలు పోతాయి, బహుశా తనకి అక్క కూడా పోతుంది. రాయకపోతే వేళ్లు పోతాయి. బెంచీ మీద ఐదు నిమిషాలు కూర్చుంది. పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి రాసింది. "రోజుకి ఎంతసేపు నిలబడి పని చేస్తున్నారు?" అన్న చోట, "నిలబడదు. నాలుగు నెలలుగా కోసేది నేను. నేను ఇదివరకు రాసినవి అబద్ధాలు." కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి రాసింది.

డాక్టరమ్మ చదివింది. మళ్లీ చదివింది. తర్వాత అక్క వైపు చూసి, "ఇందులో ఏం రాశారో మీకు తెలుసామ్మా?" అని అడిగింది.

"ఏం రాస్తుంది, ఎప్పుడూ రాసేదే," అని అక్క నవ్వుతూ కాగితం తీసుకుంది. చదువుతుంటే ఆ నవ్వు మొహం మీదే ఎటూ పోలేక ఉండిపోయింది.

"ఏంటే ఇది? ఎవరు నమ్ముతారే? మొన్నే కదా, నువ్వు జ్వరంతో పడుంటే, నేనొక్కదాన్నే నలభై పొరలు..." అని ఆగిపోయింది.

అక్క పెదాలు కదులుతున్నాయి. వారాలు లెక్కపెట్టుకుంటోందో, దొంతరలు లెక్కపెట్టుకుంటోందో. బల్ల కింద పీట ఎందుకుందో, దాని మీద ఎవరి చెప్పుల గుర్తులున్నాయో ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టుంది.

"అవి మాత్రం నేనే కోశాను," అంది చివరికి. "ఆ ఎనభై చేతులు. నాలుగు నెలల్లో నేను కోసినవి అవే. అంతేనా బుల్లీ?"

బుల్లి ఏడవకూడదనుకుంది గానీ ఏడ్చింది.

"తప్పు మీ ఇద్దరిదే కాదు," అంది డాక్టరమ్మ. "ప్రతిసారీ కాగితం చూశాను. ఒక్కసారైనా మిమ్మల్ని లేచి నడిచి చూపించమని అడగలేదు. లేవండమ్మా, ఆ వరండా చివరిదాకా వెళ్లి రండి."

అక్క లేచింది. గోడ పట్టుకుంది. మధ్యలో రెండుసార్లు ఆగింది. మొదటి నెలలో మార్కెట్ దాకా వెళ్లి కూరలవాడితో పోట్లాడొచ్చిన మనిషి, ఇరవై అడుగుల వరండా దాటి రావడానికి పట్టిన సమయం చూసి డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మందు ఒక్కసారిగా ఆపకూడదు, ఒళ్లు తట్టుకోదు అని చెప్పింది. రెండు వారాలకి కొంచెం చొప్పున తగ్గిద్దాం, తాకిడికి అలవాటు పడేలా పాదాన్ని రోజూ మెత్తని గుడ్డతో రుద్దుదాం, నిలబడే సమయం నిమిషాల్లో రాసుకుందాం అంది. "నొప్పి కొంత తిరిగొస్తుంది. అబద్ధం చెప్పను," అంది.

తిరుగు బస్సులో అక్క వేరే సీట్లో కూర్చుంది. ఇంటికొచ్చాక మూడు రోజులు కింది తలుపు తెరుచుకోలేదు. బుల్లి గిన్నెలో ఏదో ఒకటి పెట్టి గుమ్మం దగ్గర వదిలేస్తే, గిన్నె కడిగి గుమ్మం దగ్గరే ఉండేది. మాట లేదు. "నీకెందుకన్నానా లేదా?" అన్నాడు మొగుడు. బుల్లి చూసిన చూపుకి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

సోమవారం అక్క ఒక్కతే ముందు బస్సెక్కి వెళ్లిపోయింది. బుల్లి వెళ్లేసరికి హాలు మధ్యలో నిలబడి ఓనరుతో, అందరూ వింటుండగా చెబుతోంది. నాలుగు నెలలుగా కోసింది తను కాదని, ఆ బాణం గుర్తు బుల్లి పెట్టే ఉంటుందని, మూల ఎత్తి చూడనిది తనేనని. "ఇరవై ఏళ్లుగా కోస్తున్నానని మీతో అన్నాను. ఇరవై ఏళ్లలో ఈ నాలుగు నెలలు తీసెయ్యండి," అంది. ఓనరు నేల చూపులు చూశాడు. మిషను బుల్లికిచ్చి, అక్కని గుండీలు తనిఖీ చేసే కుర్చీలోకి మార్చాడు. ఆ కుర్చీలో కూర్చున్న ఆవిడని మాస్టరమ్మా అని పిలవాలో వద్దో తెలియక, టైలరమ్మలు మొదటి వారం ఏమీ పిలవకుండా వచ్చి గుండీలు పోసి పోయేవారు.

మందు తగ్గేకొద్దీ కళ్లలోకి చూపు తిరిగొచ్చింది, పాదంలోకి మంటా తిరిగొచ్చింది. సాక్సు ఏడుపు మళ్లీ పైఅంతస్తు దాకా వినిపించేది. పొద్దున్నే అది వింటూ బుల్లి మెట్ల మీద కూర్చునేది. తను చేసింది మంచో చెడో ఆ మెట్ల మీద ఒక్కరోజు కూడా తేలలేదు. కిందకి దిగే ధైర్యమూ లేదు.

ఆరో వారంలో ఒకరోజు, భోజనాల బెల్లు మోగి హాలు ఖాళీ అయ్యాక, అక్క కుంటుకుంటూ కటింగ్ బల్ల దగ్గరకొచ్చింది. స్టూలుని చేత్తో దూరంగా తోసేసింది. బల్ల అంచు పట్టుకుని, రెండు కాళ్ల మీదా బరువేసి నిలబడింది.

"గడియారం చూడు," అంది. నెలన్నరగా బుల్లితో అన్న మొదటి మాట అది.

బుల్లి చూసింది. మూడో నిమిషానికి అక్క నుదుటి మీద చెమట పట్టింది. ఐదో నిమిషానికి కింది పెదవి పళ్ల కిందకి పోయింది. ఏడో నిమిషంలో బుల్లి "చాల్లే అక్కా" అనబోతే, ఒక చెయ్యి లేచి నోరు మూసుకోమంది. తొమ్మిదో నిమిషం దాటీ దాటగానే మోకాలు వంగింది. బుల్లి స్టూలు లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

"ఎంతసేపు?"

"పది నిమిషాలు... ఇంచుమించు."

"ఎంతసేపే?"

"తొమ్మిది."

"తొమ్మిదే రాయి. ఇంకోసారి నా మీద జాలితో అంకె పెంచావంటే, నీ చేతిలోంచి ఆ మిషను లాక్కుంటా."

"లాక్కో అక్కా," అంది బుల్లి. "తొందరగా వచ్చి లాక్కో."

అక్క కుడి పాదాన్ని రెండు చేతులా గాలికి ఎత్తి పట్టుకుని, కళ్లు మూసుకుని, మంట తగ్గేదాకా అలాగే కూర్చుంది. బుల్లి కాగితం తీసి, కింది సగంలో తొమ్మిది అని రాసింది.